చెన్నపురి నగరసభ: ఎన్నిక, అభ్యర్థి, ఓటరు

ఎన్నిక యను మాట మన భాషకు క్రొత్తది కాదు. ‘ఎన్ను’ ధాతువునకు లెక్కించుట, తలపోయుట, గణ్యముగా భావించుట యను అర్థములు కలవు. పదిమందిలో ఎన్నికగన్నవాడనగా పదిమంది మెచ్చినవాడని యర్థమే కాని, పదిమంది కాగితములు పెట్టెలో వేసి నిలిపినవాడని కాదు. ఈ రెండవ యర్థము పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున, ప్రధానముగా పురపాలక సంఘముల మూలమున, మనకు సంక్రమించినది. దానితోపాటు అభ్యర్థియు వచ్చెను. అభ్యర్థి యనగా అర్థించువాడు, యాచకుడు. ఆంగ్లమున దానికి సాటివచ్చు మాటకు మూలము లాటిను భాషలో తెలుపునకు వాచకమైన శబ్దము. ప్రాచీన రోము నగరమున పదవి గోరువాడు సుద్దతో తెల్లబఱచిన వస్త్రము ధరించి ప్రజలలో తిరుగుచుండెడివాడు. వారు వస్త్రమును జూచి పేరుపెట్టిరి. మనము చాచిన చేతిని జూచి పెట్టితిమి. ఓటు అను మాటను మాత్రము అనువదింపకయే గ్రహించితిమి. అది మన యోటికుండతోడను, ఓటమితోడను శ్రుతి కలియుట కేవలము యాదృచ్ఛికము. అయినను ఓడిన అభ్యర్థులకు ఆ సామ్యము తోపకుండ నుండదు.

ఈ మాటలు నిలుకడ నొందిన చరిత్రను పరిశీలించుటకు చెన్నపురి నగరసభ మిక్కిలి యనువైనది. భారతదేశమున పురపాలక సంస్థలలో నది ప్రాచీనతమము. అందు తెలుగువారు తొలిదినములనుండియు పాల్గొనిరి. అన్నిటికంటె ముఖ్యముగా, నగరసభలోని స్థానము ఎవరిది, పన్ను కట్టువానిదా, సంఘపు పెద్దదా, పేటవాసిదా, పార్టీదా యను ప్రశ్న అక్కడ తరతరమునకు క్రొత్తరూపమున లేచినది.

కంపెనీవారి అధ్యక్షుడైన సర్ జోసయా చైల్డు ఊహ ఈ సంస్థకు మూలము. కోటకును పట్టణమునకును అగు వ్యయమును పట్టణవాసులే భరింపవలెనని యాతని కోరిక. పరులు విధించు స్వల్పమైన పన్నునకంటె తాము విధించుకొన్న పెద్దపన్నునే జనులు సుముఖముగా చెల్లింతురని యాతడు తలచెను. రెండవ జేమ్సు రాజు అనుమతిపై 1687 డిసెంబరు 30వ తేదీన కంపెనీ సన్నదు నొసగెను. 1688 సెప్టెంబరు 29న నగరసభ ప్రారంభమాయెను. నథానియల్ హిగ్గిన్సన్ ప్రథమ మేయరు. ఆయనతో పండ్రెండుగురు ఆల్డర్మనులు. వారిలో ఆంగ్లేయులు, పోర్చుగీసువారు, యూదులు మాత్రమే కాక ముగ్గురు హిందువులును ఉండిరి: చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న, అళగాత్త పిళ్ళ. వీరిని ఆనాటి ఆంగ్లేయులు ‘జెంటూ’లని వ్యవహరించిరి.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. జెంటూ యనగా తెలుగువాడని, కావున నగరసభలో మూడు స్థానములు తెలుగువారికే యీయబడెనని మనలో కొందఱు వ్రాయుదురు. జెంటూ శబ్దమునకు తెలుగు భాష, తెలుగు జాతి యను అర్థము ఆంగ్లేయుల వ్రాతలలో నున్నమాట నిజమే. కాని సామాన్యముగా హిందువు అను నర్థమునను దానిని వారు వాడిరి. అళగాత్త పిళ్ళ పేరు చూచినంతనే ఆయన తమిళుడని తెలియుచున్నది. మొదటి యిరువురు తెలుగు వర్తకులని చెప్పుకొని సంతసించుటతో మనము తృప్తి పడవలెను.

ఆల్డర్మనులను ఎవరును ఎన్నుకొనలేదు. సన్నదే వారిని పేర్కొన్నది. కాని మేయరును ఏటేట ఆల్డర్మనులును, బర్జెసులను పౌరసభ్యులును గూడి, ఆల్డర్మనులనుండి ఎన్నుకొనవలెనని యందు విధి కలదు. చైల్డు ఆశించిన ఫలము మాత్రము కలుగలేదు. పురభవనమునకును, పాఠశాలకును పన్ను వేయబూనినప్పుడు జనులు సమ్మతింపలేదు. ఎన్నుకొనని వారు విధించు పన్ను, ఎన్ని జాతులవారు కలిసి విధించినను, పరుల పన్నుగనే తోచెను. 1726 నాటి క్రొత్త సన్నదు నగరసభను మేయరుతోను తొమ్మండుగురు ఆల్డర్మనులతోను పునర్నిర్మించినది. అందు మేయరుతో కలిపి ఏడుగురు బ్రిటిషు సంజాతులై యుండవలెనని నియమము. వెంకటాద్రి, వీరన్నల వంటివారికి దక్కిన స్థానము అట్లు నలువదేండ్లలోపలనే జాఱిపోయెను. తరువాతి నూఱేండ్ల చరిత్ర న్యాయస్థాన చరిత్రయే కాని పురపాలన చరిత్ర కాదు కావున దానిని విడిచెదను.

1867 నాటి చట్టముతో నవీనయుగము ఆరంభమైనది. నగరమును ఎనిమిది డివిజనులుగా విభజించి, డివిజనునకు నలుగురు చొప్పున ముప్పది యిద్దఱు కమీషనర్లను ప్రభుత్వము నియమించెను. పేట యనునది, ఇది నా భాగము, వీడు నా ప్రతినిధి యను భావన, అప్పుడే పుట్టినది. ప్రతినిధి యున్నాడు, ఎన్నికయే లేదు. ఆ యెన్నిక 1878 నాటి చట్టమువలన వచ్చెను. ముప్పది యిద్దఱిలో పదునాఱుగురను పన్ను చెల్లించువారు ఎన్నుకొనవచ్చునని ఆ చట్టము విధించినది.

ఈ సంవత్సరమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన పాఠ్యగ్రంథములలో స్థానిక స్వపరిపాలన మనగానే 1882 మే 18 నాటి రిప్పన్ ప్రభువు తీర్మానము చెప్పబడును. విద్యార్థులును పరీక్షలలో ‘రిప్పన్ ఎన్నికల నొసగెను’ అని వ్రాయుదురు. వారి తప్పు కాదు, మనము నేర్పిన మాటయే అది. కాని చెన్నపురిలో ఎన్నిక రిప్పన్ తీర్మానమునకు నాలుగేండ్ల ముందే, లిట్టన్ వైస్రాయిగా నున్న కాలమున, చట్టమునకెక్కెను. దేశభాషా పత్రికల నోరు నొక్కు చట్టము చేసిన లిట్టనే యాతడు. ఆ చట్టమును ఆ 1878 లోనిదే. చెన్న రాజధానికి దానినుండి మినహాయింపు లభించినది. కావున స్వపరిపాలనా చరిత్రను ఉదార వైస్రాయి, అనుదార వైస్రాయి అను రెండు పాత్రల నాటకముగా వ్రాయుట సులభమే కాని సత్యము కాదు. 1870 లో మేయో ప్రభువు ఆర్థిక వికేంద్రీకరణ మొనర్చిన పిమ్మట పాఠశాలలు, వైద్యశాలలు, బాటలు మొదలగువాని వ్యయభారము స్థానిక సంఘములపై అధికమాయెను. భారము పెరిగినకొలది పన్ను పెరిగెను; పన్ను పెరిగినకొలది సమ్మతి యవసరమాయెను. చైల్డు మాట రెండువందల యేండ్లకు మరల వినవచ్చినదన్నమాట. ఈ కారణమును రిప్పన్ తన తీర్మానమున మఱియొక మెట్టు పైకి గొనిపోయి, స్థానిక సంఘములు ప్రజలకు రాజకీయ శిక్షణ నొసగు పాఠశాలలని చెప్పెను. ఆయన గొప్పతనము అందున్నది, ప్రథముడగుటలో లేదు. 1884 నాటి చట్టముచే చెన్నపురిలో ఎన్నికైన కమీషనర్లు ముప్పది యిద్దఱిలో ఇరువది నలుగురైరి.

ఇటుపైని వృద్ధియే యని తలతుము. కాదు. 1899 లో కలకత్తా నగరసభ చట్టము ఎన్నికైన సభ్యులను యేబదిమందినుండి ఇరువదియైదుగురకు తగ్గింపగా, సురేంద్రనాథ బెనర్జీ మొదలగు ఇరువది యెనిమిదిమంది రాజీనామా చేసిరి. ఆ గాలి చెన్నపురికిని వీచెను. 1904 చట్టమున కమీషనర్ల సంఖ్య ముప్పదియాఱునకు పెరిగినను డివిజనులనుండి ఎన్నికగువారు ఇరువదిమందియే. వర్తక సంఘమునకు ముగ్గురు, ట్రేడ్సు అసోసియేషనునకు ముగ్గురు. ఇతర సంస్థలకును, ప్రభుత్వ నియామకమునకును తక్కినవి. నాలుగింట మూడువంతులున్న ఎన్నిక తొమ్మిదింట ఐదువంతులకు దిగెను. పేటలో నివసించు వేలాది గృహస్థులకు ఒక యోటును, అంగళ్ళ సొంతదారుల సంఘమునకు మూడు స్థానములును!

1909 లో పునాది వేయబడి 1913 లో పూర్తియైన నగరసభా భవనమునకు రిప్పన్ పేరు పెట్టిరి. సెంట్రల్ స్టేషను చేరువ నేటికిని తెల్లగా నిలిచియున్న ఆ సౌధమును చూచినవారు అది ఆయన ఆదర్శమునకు ఆలయమని యనుకొందురు. ఆ భవనప్రవేశము జరిగిననాడు అమలులో నున్నది 1904 నాటి చట్టమే. అనగా రిప్పన్ కాలమున లభించిన ఎన్నికలో గణనీయమైన భాగమును కోల్పోయిన సభ రిప్పన్ పేరిటి మందిరమున కూర్చున్నది. కృతజ్ఞతకును విస్మృతికిని ఒకే శిలాఫలకము చాలినది.

కమీషనరు పదవికై నిలిచినవారెట్టివారు? ఓటరు పన్ను చెల్లించువాడు. కావున పట్టిక చిన్నది. అభ్యర్థికి ప్రతి ఓటరు గుమ్మమును తెలిసినదే. బహిరంగసభకంటె బంధుత్వము, కులపెద్దల మాట, వ్యాపారపు లావాదేవి, వకీలునకు కక్షిదారునితోగల సంబంధము ఎక్కువ పనిచేసియుండునని యూహింపవచ్చును. కాని ఆ యిరుకైన ద్వారమునుండియే కొందఱు గొప్పవారు ప్రజాజీవనమున ప్రవేశించిరి. ఈ వ్యాసము చెన్నపురికి పరిమితమైనను రాజమహేంద్రవరమును ఒకమారు స్మరింపక తప్పదు. 1866 లో ఏర్పడిన ఆ పురపాలక సంఘమునకు 1885 లో న్యాపతి సుబ్బారావు పంతులు తొలి అనధికార అధ్యక్షుడాయెను. ఇరువదేండ్లైనను గడువకముందే టంగుటూరి ప్రకాశము పంతులు అదే పీఠము నెక్కెను. ఒంగోలులో తల్లి పూటకూళ్ళయిల్లు నడపి చదివింపగా పైకివచ్చి, సెకండు గ్రేడు ప్లీడరుగా గోదావరీతీరమున స్థిరపడిన యువకునికి అది అల్పమైన విజయము కాదు. పట్టణ రాజకీయమున ఆనాడు ఎంతటి పోటీ యుండెడిదో ఆయన స్వీయచరిత్ర ‘నా జీవితయాత్ర’ చదివినవారెఱుగుదురు. పన్ను కట్టువారి ఓటు సంపన్నులనే గెలిపించునను సామాన్యసూత్రమునకు ఇట్టి యపవాదము లున్నవని గ్రహించినగాని ఆ కాలము మనకు బోధపడదు.

చెన్నపురికి తిరిగి వత్తము. ఇచ్చట ఆ యుగమునకంతకు ప్రతినిధి పిట్టి త్యాగరాయ చెట్టి. 1852 లో తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున జన్మించెను. మగ్గముల పరిశ్రమ నడపెను. నాలుగు దశాబ్దములకు చేరువగా నగరసభలో సభ్యుడై యుండెను. ఆయన వేషము ఎల్లప్పుడును తెల్లని వస్త్రమే. తమిళులు ఆయనను తెలిదువ్వలువల ఱేడను నర్థమిచ్చు బిరుదుతో పిలిచిరి. రోము నగరపు అభ్యర్థి శబ్దార్థము ఈ నేతగాని యింట సార్థకమైనదని నేను తఱచు తరగతిలో చెప్పుదును. నగరసభలో ఆయనకు ప్రబల ప్రత్యర్థి డాక్టరు టి. ఎం. నాయరు. పురవ్యవహారములపై వీరిరువురకు చాలకాలము పొసగలేదు. డాక్టరు సి. నటేశ ముదలియారు మధ్యస్థుడై వీరిని కలుపగా 1916 లో దక్షిణభారత ఉదారసంఘము, అనగా జస్టిసు పార్టీ, పుట్టెను. రాజధానిని ఏలిన ఒక మహాపక్షమునకు బీజము శాసనసభలో కాక, నీటికొళాయిల గూర్చియు కాలువల గూర్చియు వాదోపవాదములు సాగు పురసభలో పడినదనుట గమనింపదగినది.

1919 నాటి నగరచట్టము కమీషనర్లను కౌన్సిలర్లుగా మార్చి, వారి సంఖ్యను యేబదిగా నిర్ణయించి, ముప్పది స్థానములను డివిజనుల ఎన్నికకు విడిచెను. 1920 లో త్యాగరాయ చెట్టి నగరసభకు ఎన్నికైన తొలి అధ్యక్షుడాయెను. ఆ యేటనే జస్టిసు పార్టీ శాసనసభలో గెలువగా గవర్నరు ప్రథమమంత్రి పదవికి ఆయనను ఆహ్వానించెను, ఆయన స్వీకరింపలేదు. ఎ. సుబ్బరాయలు రెడ్డియారు ఆ పదవి నధిష్ఠించెను. రాష్ట్రమున ప్రథమస్థానమును కాదని పురసభాధ్యక్షుడుగా నిలిచినవాడు తరువాతి కాలమున మఱియొకడు కనిపించుట దుర్లభము. నేడు పురసభాస్థానము శాసనసభకు మెట్టుగా భావింపబడుచున్నది. ఆయన దృష్టిలో అది గమ్యము. ఆయన కులపక్షపాతమును విమర్శించు చరిత్రకారులు కలరు, ఆ విమర్శలో పస లేకపోలేదు. ఐనను ఈ యొక్క విషయమున ఆయనను మెచ్చకుండ నుండజాలను.

1933 లో అధ్యక్షపదమునకు మాఱుగా ప్రాచీనమైన మేయరు పేరు పునరుద్ధరింపబడి, ముత్తయ్య చెట్టియారు క్రొత్త వరుసలో ప్రథమ మేయరాయెను. మూడేండ్లకు, 1936 ఎన్నికలలో, కాంగ్రెసు నగరసభను గెలిచెను. అభ్యర్థి తన పేరుతో కాక పార్టీ పేరుతో ఓటడుగు పద్ధతి నగరమున ఇప్పుడు బలపడెను. మఱుసటియేటి శాసనసభా విజయమునకు ఇది శకునమువంటిది. 1939 లో మేయరైన ఎస్. సత్యమూర్తి నగరపు దప్పి తీర్చుటకు పూండి జలాశయ నిర్మాణమునకు పూనుకొనెను. 1940 లో పని మొదలై 1944 లో ముగిసెను. అది చూచుటకు ఆయన లేడు, 1943 లోనే గతించెను. దానికి సత్యమూర్తి సాగరమని పేరు. తెలుగుగంగ కాలువద్వారా కృష్ణాజలములు 1996 లో మొదట చేరినదియు ఆ పూండికే. ఆ 1996 తో మఱియొక సంబంధమున్నది, క్రింద చెప్పెదను.

1952 డిసెంబరు 15 న పొట్టి శ్రీరాములు చెన్నపురిలో ప్రాణములర్పించిన నాలుగు దినములకు ఆంధ్రరాష్ట్ర స్థాపనను ప్రకటించుచు నెహ్రూ చెన్నపట్టణమును దానినుండి మినహాయించెను. తాత్కాలికముగానైన రాజధాని యిచ్చట నుండవలెనా యను వివాదము చెలరేగినపుడు నగరసభ మూగగా నుండలేదు. 1953 లో టి. చెంగల్వరాయన్ మేయరుగా నుండగా, ఆల్డర్మనైన మ. పొ. శివజ్ఞానము మొదలగువారి చొరవతో, నగరము తమిళదేశమునదే యని సభ గట్టిగా పలికెను. ఆ యక్టోబరు 1 న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మనకది బాధాకరమైన జ్ఞాపకమే. కాని పురసభ ఎన్నికైన సభ. నగరవాసులలో అధికసంఖ్యాకుల భాష తమిళము. 1688 లో వెంకటాద్రి యొకడు కూర్చున్నాడను సాక్ష్యము 1953 నాటి ఓటరు పట్టికకు సమాధానము కాజాలదు. మనవారు ఆనాడు చరిత్రను వాదించిరి, వారు సంఖ్యను వాదించిరి. ఎన్నిక యను పదమునకు లెక్క యను నర్థము మొదటినుండియు నున్నదికదా!

1957 లో తారా చెరియన్ నగరమునకు తొలి మహిళా మేయరాయెను. 1959 ఎన్నికలు మఱియొక మలుపు. నూఱు స్థానములలో నలుబదియైదింటిని ద్రావిడ మున్నేట్ర కళగము గెలిచి, ఇతరుల తోడ్పాటున ఎ. పి. అరసును మేయరుగా నిలిపెను. ఎనిమిదేండ్ల తరువాత రాష్ట్రమునే కైవసము చేసికొన్న ఆ పక్షమునకు మొదటి సింహాసనము రిప్పన్ సౌధముననే లభించినది. ఆ పక్షపు ప్రభుత్వమే 1973 లో, కూలీల హాజరుపట్టీలలో అక్రమములు జరిగినవను ఆరోపణలపై, నగరసభను రద్దు చేసెను.

అటుపిమ్మట నగరమున ఎన్నిక లేదు. ఒకయేడు కాదు, రెండేడులు కాదు, ఇరువది మూడేండ్లు. ప్రత్యేకాధికారులు పాలించిరి. 1973 లో పుట్టిన శిశువు తన పేటకు సభ్యునెన్నుకొను హక్కు పొందియు దానిని వినియోగింపకయే గృహస్థుడాయెను. 1904 నాటి ప్రభుత్వము నాలుగు స్థానములు తగ్గించిన విషయమున పుటలకొలది నిరసన వ్రాయు మనము, స్వతంత్ర భారతమున అన్ని స్థానములు రెండు దశాబ్దములు లోపించిన విషయమును ఒక వాక్యముతో దాటవేయుదుము. పరదొరల తప్పును ఎంచుట చరిత్రకారునికి సులభము. ఈ విషయమున మన నగరములును వేఱు కావు. హైదరాబాదులో 1933 చట్టముపై 1934 లో తొలి ఎన్నికలు జరిగెను. 1942 లో కార్పొరేషను హోదా రద్దయ్యెను. 1951 లో మాడపాటి హనుమంతరావు పంతులు ప్రథమ మేయరుగా ఎన్నికైనప్పుడే సభకు మరల జీవము వచ్చెను. విశాఖపట్టణమున 2012 మొదలు 2021 వఱకు ఎన్నికైన సభ లేదు.

1993 జూను 1 న అమలులోనికి వచ్చిన డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణ ఈ రోగమునకు మందుగా నుద్దేశింపబడినది. సభకు ఐదేండ్ల కాలము. రద్దయినచో ఆఱుమాసములలోపల ఎన్నిక. అందుకు ప్రత్యేకముగా రాష్ట్ర ఎన్నికల సంఘము. షెడ్యూల్డు కులములకును తెగలకును జనసంఖ్యననుసరించియు, స్త్రీలకు మూడవవంతునకు తక్కువకాకుండగను స్థానములు. ఇవన్నియు రాజ్యాంగమున కెక్కెను. 1996 లో, కృష్ణాజలములు పూండి చేరిన యేటనే, చెన్నపురిలో ఎన్నిక జరిగి ఎం. కె. స్టాలిన్ ప్రజలచే నేరుగా ఎన్నికైన తొలి మేయరాయెను. 2001 లోను ఎన్నిక నేరుగనే జరిగెను. 2006 లో చట్టము మారి కౌన్సిలర్లే మేయరును ఎన్నుకొనిరి. ఆ పోలింగున చెలరేగిన హింసమూలమున వివాదము న్యాయస్థానమునకెక్కి, పెక్కు వార్డులలో 2007 లో మరల పోలింగు జరిగెను. 2011 లో మరల ప్రత్యక్ష విధానము వచ్చినది. రాష్ట్రమున ప్రభుత్వము మారిన 2006 లోను 2011 లోను మేయరు ఎన్నికవిధానమును మారుటచూడగా, ఆ విధానము నిర్ణయింపబడినది పురసభ హితమునుబట్టి కాదని స్పష్టము. 2016 లో ప్రకటింపబడిన ఎన్నికలను ఉన్నతన్యాయస్థానము రద్దుచేయగా మరల ప్రత్యేకాధికారుల పాలన. రాజ్యాంగపు గడువు అక్షరములలోనే నిలిచి ఆఱేండ్లు గడిచెను.

2022 ఫిబ్రవరి 19 న రెండువందల వార్డులకు పోలింగు జరిగినది. స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. ద్రావిడ మున్నేట్ర కళగము నూటయేబదిమూడు గెలిచెను. మార్చిలో కౌన్సిలర్లు ఆర్. ప్రియను మేయరుగా ఎన్నుకొనిరి. ఆమె ఇరువది యెనిమిదేండ్ల వయస్సుగల దళిత యువతి. నగర చరిత్రలో ఆ పీఠమెక్కిన మూడవ మహిళ, తొలి దళిత మహిళ. ఎన్నిక జరిగిన విధానము మాత్రము 1687 నాటి సన్నదులోనిదే: సభలోనివారు తమలో నొకరిని నిలుపుకొనుట. రిప్పన్ భవనపు ఆవరణలో త్యాగరాయ చెట్టి విగ్రహ మున్నది; ప్రమాణస్వీకారమునకు వచ్చినవారందఱు దానిని దాటియే లోపలికి నడచిరి.